మూతలు

మా నాయన మా ఇంటికొస్తే
ముందు నీళ్లు తాగడు.
చేతిసంచి గడపలోనే పెట్టి
సంపు దగ్గరికి పోతాడు.
వంగి, మూత మీద అరచెయ్యి ఆనించి
ఒకసారి అదిమి చూస్తాడు,
జొరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు.

ఆ తర్వాతే, "బాగుండారా మ్మే" అంటాడు.

అనంతపురంలో మాది అద్దె కొంప. ఓనరు పైన, మేం కింద.
మూడేండ్ల మోక్షిత,
వాకిలి రవ్వంత సందైతే చాలు
కోడిపిల్ల మాదిరి జారుకుంటుంది.

మా నాయన హొన్నూరప్పకు
బెళుగుప్ప అవతల నాలుగెకరాల ఎర్రనేల,
ఆ నాలుగెకరాల్లో అయిదు బోర్లు.
నాలుగింట దుమ్ము లేచింది.
అయిదోది రెండేండ్లు శెనక్కాయకు నీళ్లిచ్చి
మూడో ఏడు గాలి కక్కింది.
వడ్డీ కట్టడానికి కేసింగు పైపు పీకించి అమ్మినాడు.
నేల మీద జానెడు నోరు మిగిలింది.
రేపు మూద్దాంలే అనుకున్నాడు.

రేపటికంటే ముందే వచ్చింది
కురుబ ఈరన్న మందలోని గొర్రెపిల్ల,
పుట్టి పది రోజులు కాలేదు.

రాత్రంతా అరిచిందంట.
తాడు ఇడిసినాడు, కొక్కెం ఇడిసినాడు,
నేలకు చెవి ఆనించి పండుకున్నాడు.
తల్లిగొర్రె ఆయన కాళ్లు తొక్కుకుంటా
గుంత చుట్టూ తిరుగుతానే ఉంది.
కోడి కూసే యాళకు అరుపు నిలిచింది.

ఈరన్న దుడ్డు అడగలేదు.
"పోనీలేప్పా, పిల్లోల్లు కాదు కదా" అన్నాడు.

ఆ పొద్దు ఇంటికొచ్చి
అయిదేండ్ల నన్ను గోడకు నిలబెట్టి
నా భుజాలు జానతో కొలిచినాడు.
ఎందుకు నాయనా అంటే
పలకలేదు.

అప్పట్నుంచి మా ఇంట్లో మూత లేనిది లేదు.
బోరు మీద తుప్పుపట్టిన ట్రాక్టరు డిస్కు, దాని మీద గుండు.
తొట్టి మీద కడప బండ,
మా అమ్మ ఒక్కతే జరపలేనంత బరువు.
ప్రతి బిందె నీళ్లకూ ఆయన్ను కేకేయాల.
"నీ కూతురి నోటికీ ఒకటి చేపించు" అని
గొణుక్కుంటానే కేకేసేది.

మొన్న వచ్చినప్పుడు
బాత్రూం కిటికీలో కూల్‌డ్రింకు సీసా చూసినాడు.
లోపల ఓనరమ్మ పోసిపెట్టిన యాసిడ్.
సదువు రాదు ఆయనకు, చీటీ రాసి అతికించలేడు.
మిద్దె మీద వెతికి ఒక ముళ్లతీగ తెచ్చి
సీసా మెడకు మూడు చుట్లు చుట్టి
నాకే అందనంత ఎత్తులో మేకుకు తగిలించినాడు.
టీవీ రిమోటు వెనక రెక్క ఊడిపోయుంటే
కరెంటు టేపు వేసి బిగించినాడు.
"ఈ బిళ్లలు మింగితే పేగు కాలుతుందంట,
బస్సులో ఎవరో చెప్పుకుంటా ఉంటే విన్యా."
గ్యాసు బండ దగ్గర కూర్చుని
తిప్పడం నాకే నేర్పించినాడు,
పదేండ్లుగా తిప్పుతున్న నాకు.

మా ఆయన నవ్వినాడు.
"ఆకాశానికి గూడా ఒక మూత ఏపిద్దామా, మామా?"

మా నాయన నవ్వలేదు.
నిజంగానే ఆలోచించినాడు.
"అది మనం తెరిసింది కాదు కదప్పా" అన్నాడు.

తెల్లారి మొదటి బస్సుకు పోయినాడు.
సంచిలో నేను పెట్టిన ఓళిగల డబ్బా
మూత ఊడకుండా తువ్వాలతో కట్టుకున్నాడు.

నిన్న రాత్రి రెండు గంటలప్పుడు మెలకువ వచ్చింది.
పక్కన మా ఆయన లేడు.
తలుపు బయటి నుంచి గొళ్లెం పెట్టి ఉంది.
కిటికీలోంచి చూస్తే
సంపు దగ్గర సెల్లు వెలుతురు.
గొంతుక్కూర్చున్నాడు, మూత మీద అరచెయ్యి.

"ఏంది?" అన్నా.
"ఏం లేదు. నీళ్లెన్ని ఉండాయో చూద్దామని."

మూత తియ్యనేలేదు.

నేనేమీ అనలేదు. గొళ్లెం తీసి లోపలికొచ్చినాడు.
ఇద్దరికీ నిద్ర పట్టలేదు.
పక్క సందులో కుళాయికని తవ్విన గుంత
వారం నుంచీ అట్లే నోరు తెరుచుకోనుంది.
ఎవరి ఇంటి ముందరో, ఎవరు తవ్వించిందో.
రెండు పలకలు, ఒక గుండు దొరికితే చాలు.
తెల్లారనీ.